మధ్యాహ్నపు సీసా

అక్టోబరు 3

ఈ నోటుపుస్తకం వేజీ ఇచ్చింది, ఆసుపత్రిలో డాక్టరు చదువు చదివే అమ్మాయి. ముందు వైపు పేజీల్లో స్కేలుతో గీతలు కొట్టి గడులు చేసింది. తాగినవి ఒక గడి, ఎడమ సంచి ఒక గడి, కుడి సంచి ఒక గడి. పైన మా ఆయన పేరూ వయసూ ఊరూ నాచేతే రాయించింది. ట్వైబు. ఇరవై ఏడు. సరస్సు ఒడ్డు. తోడు వచ్చినవారు అన్నచోట ఆసియతు, భార్య అని రాశాను. నాలుగో తరగతి మానేశాక నా పేరు నేను రాసుకోవడం ఇదే మొదలు. అక్షరాలు వంకరగా వచ్చాయి గాని వచ్చాయి.

పుస్తకం తిరగేసి పట్టుకుంటే వెనక వైపంతా ఖాళీ. ఇది అక్కడ రాసుకుంటున్నాను. అంకెలు చూసేవాళ్ళు వెనక వైపు చూడరు.

ఆయన వీపుకి రెండు పక్కలా రెండు గొట్టాలు, వాటి చివర రెండు సంచులు. మూత్రపిండాల నుంచి నీళ్ళు కిందికి దిగే దారులు లోపల బిగుసుకుపోయాయట. దిగాల్సిన నీళ్ళు వెనక్కి తన్ని ఒళ్ళంతా విషమైంది. కిందటి వారం ఆయన నా చెయ్యి పట్టుకుని "ఈ పడవ ఎవరిదమ్మా" అని అడిగారు. గొట్టాలు వేసిన రెండో రోజుకి నన్ను నన్నుగా చూశారు.

గదిలో ముప్పై మంచాలు, ఇద్దరు నర్సులు. కొలవడం తోడు వచ్చినవాళ్ళ పని. వండటం, ఉతకడం, ఒళ్ళు తుడవడం, కొలవడం. రోజుకి మూడుసార్లు గీతల మగ్గులోకి సంచి వంచుతాను. ఏ గీత దాకా వచ్చిందో చూసి రాస్తాను.

వేజీని డాక్టరమ్మా అని పిలిస్తే నవ్వింది.

"ఇంకా రెండేళ్ళ చదువుంది చెల్లీ. అందాకా వేజీనే. మాది సరస్సుకి ఉత్తరపు కొస, పేరు పెట్టి పిలిస్తే మాకు కోపాలు రావు."

నాకు ఆ పేరు నోట రాలేదు. ఇక్కడైతే రాయగలుగుతున్నాను.

అక్టోబరు 4

ఎడమ 900. కుడి 350.

పెద్ద డాక్టరు వచ్చాడు. వెనకాల బాతుపిల్లల్లా తెల్లకోట్ల విద్యార్థులు. వేజీ మంచం పక్కన నిలబడి ఆయన కథంతా అప్పజెప్పింది. ఈ ఏడు ఆమెకి పరీక్షలో చెప్పాల్సిన రోగి ఆయనేనట. ఈ ఎర్ర మూత్రం జబ్బుని మా ఊళ్ళో లికోజో అంటాం, వాళ్ళు వేరే పొడుగు పేరు అన్నారు. ఎనిమిదో ఏట నుంచి ఎర్రగా పోసేవాడని ఆమె అంటే ఆయన దిండు మీంచి లేచారు.

"మరేంటి. మా ఒడ్డున ఎర్రగా పోసినవాడే మగాడు. పోయనివాణ్ణి పడవెక్కనిచ్చేవాళ్ళు కాదు. ఇసుక మీద వరసగా నిలబడి ఎవరిది ఎర్రగా ఉందో చూసుకునేవాళ్ళం. నాకు మొదటిసారి వచ్చిన రోజు మా నాన్న కోడిని కోశాడు."

ఒక అబ్బాయి కిసుక్కున నవ్వాడు. పెద్ద డాక్టరు నవ్వలేదు.

"ఆ కోడి సంగతి రాసుకో. పుస్తకంలో దొరకదు. పిల్లవాడికి జబ్బు మొదలైన రోజున ఊరు విందు చేసుకుంది. పంతొమ్మిదేళ్ళ తర్వాత మన దగ్గరికి వచ్చాడు."

అందరూ రాసుకున్నారు. మగపిల్లల గురించి చాలా అడిగారు. ఆడపిల్లల సంగతి ఎవరూ అడగలేదు. నేను మంచం కింద చెప్పులు సర్దుతూ ఉన్నాను.

అక్టోబరు 5

తెల్లవారుజామున కల. సరస్సు మీద దోమపొగ లేచింది. వానలకి ముందు లేస్తుందే, నీళ్ళ మీంచి ఆకాశం దాకా నల్లటి స్తంభంలా, కోట్ల పురుగులు. కలలో అది చప్పుడు లేకుండా ఈ గది కిటికీ దాకా వచ్చి ఆగింది. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మా అమ్మమ్మ ఆ పురుగుల్ని గిన్నెతో పట్టి అట్లు వేసేది. గిన్నె నిండింది. తీరా చూస్తే అందులో నీళ్ళున్నాయి.

ఎడమ 950. కుడి 300.

అక్టోబరు 6

కుడి 200.

ఆవరణ చెట్ల పూలు రాలుతున్నాయి. ఊదారంగు. ఆరేసిన దుప్పటి మీద పడితే దులపబుద్ధి కాలేదు. పూలతోనే మడిచి తెచ్చాను. ఆయన నవ్వారు.

పెద్ద డాక్టరు చెప్పింది ఇది. రెండు వారాలు కొలవాలి. కుడి మూత్రపిండం పని చేస్తుంటే రెండు వైపులా దారి కోసి కొత్తగా కుడతారు. పని చేయకపోతే కుడి దాన్ని తీసేస్తారు. ఒకదానితో మనిషి బతుకుతాడు, భయం లేదు అన్నాడు.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

అక్టోబరు 7

కుడి 60. మగ్గు అడుగున మొదటి గీత మాత్రమే తడిసింది.

మగ్గుని కిటికీ వెలుగులో పైకెత్తి చూస్తుంటే మాగిరేటా అవ్వ పక్క మంచం దగ్గర్నుంచి "దాన్ని ముద్దుపెట్టుకుంటావా ఏం పిల్లా" అంది. ఆమె తమ్ముడికి తోడు వచ్చింది. ముసలాయన, మూత్రం దారి చుట్టూ గడ్డ, అది ఎముకల్లోకి పాకిందట. అయినా ఆమె నవ్విస్తూనే ఉంటుంది. మనుషులు సముద్రాలు దాటుతారుగాని మన మగాళ్ళు ఈ మగ్గు దాటలేకపోయారే అంటుంది.

మధ్యాహ్నం అందరూ వంటపాకలోకి పోయాక ఆయన నన్ను దగ్గరికి పిలిచారు.

"ఎంత వచ్చింది ఆసీ?"

"అరవై."

"మూడొందలు రాయి."

నేను పుస్తకం మూసి పట్టుకున్నాను.

"కుడిది తీసేస్తే వల లాగే జట్టులో నన్నెవరు చేర్చుకుంటారు? ఒంటి పిండం వాడు అంటారు. మీ మేనమామ ఆ మాట కోసమే కాచుక్కూచున్నాడు. పిల్లల్లేరు, పనిలేదు, అల్లుణ్ణి వాళ్ళమ్మ ఊరికి పంపించెయ్యండి అంటాడు. పెళ్ళాం ఊళ్ళో కాపురముండే మన పద్ధతిలో మేనమామే పెద్ద, ఆయన మాటకి ఎదురుందా? నువ్వు ఎదురు చెప్తావా?"

నేను చెప్పలేనని ఆయనకి తెలుసు.

"ఇవాళ తక్కువ. రేపు దానంతటదే వస్తుంది. అందాకా రాయి. వాళ్ళు చూసేది పుస్తకాన్ని, సంచిని కాదు."

ఆయనకి చదవడం రాదు. నేను రాస్తుంటే నా వేళ్ళ వైపే చూశారు. మూడు రాసి రెండు సున్నాలు పెట్టాను.

అక్టోబరు 8

ఎడమ 1000. కుడి 300.

ఇది అబద్ధం కాదు. నీళ్ళు దారిలో ఉన్నాయి. ఎగువన వాన పడితే మా వాగు ఒడ్డుకి మూడో రోజున వస్తుంది. వచ్చే నీళ్ళని ముందే రాశాను, అంతే.

అక్టోబరు 9

కుడి 300. సంచి పొడిగా ఉంది.

అక్టోబరు 10

దోసిట్లో నీళ్ళు పట్టి తాగించాను. ఎంత తాగినా ఎడమకే పోతున్నాయి. కుడి 300.

ఆవరణ చివర చెట్ల వెనక ఒక పాత మరుగుదొడ్డి ఉంది. దూరమని ఎవరూ అటు రారు. నేను అక్కడికే వెళ్తాను. మాగిరేటా అవ్వ ఇది కూడా కనిపెట్టింది.

"దగ్గర్లో దొడ్డి ఉండగా అంత దూరం నడుస్తావేంటే? అక్కడెవడైనా కాచుకున్నాడా?"

సిగ్గుతో తల వంచుకున్నాను. నేను బాగానే ఉన్నాను. పదమూడో ఏట అమ్మ చెప్పింది, మగపిల్లాడికైతే పొంగిపోతారు, ఆడపిల్లకైతే ఎవడితో తిరిగొచ్చింది అంటారు, నోరు మూసుకుని నీ గుడ్డలు నువ్వు ఉతుక్కో అని. ఉతుక్కుంటున్నాను. నేను బాగానే ఉన్నాను.

సాయంత్రం వేజీ చిన్న సీసా తెచ్చింది. మూత మీద ఆయన పేరు.

"రేపు మధ్యాహ్నం కుడి సంచిలోంచి తాజాగా ఇందులో పట్టి ఇవ్వు చెల్లీ. మధ్యాహ్నమే. లికోజో తెచ్చే పురుగు గుడ్లు సూర్యుడు నడినెత్తికి వచ్చాకే ఎక్కువగా మూత్రంలోకి దిగుతాయి. ఆయనకి మందు వేసి రెండు వారాలైంది. ఇంకా ఏమైనా మిగిలాయేమో చూడాలి. పరీక్షలో అడుగుతారు."

"ఎడమదాంట్లోంచి పట్టనా?"

"ఎడమది నిన్న చూశాను, ఏమీ లేదు. కుడిది కావాలి. రోజుకి మూడొందలు వస్తోంది కదా, కొంచెం చాలు."

అక్టోబరు 11

మధ్యాహ్నం. ఎండ తెల్లగా ఉంది, నీడలు కాళ్ళ కిందికి ముడుచుకున్నాయి. కుడి సంచి పిండినా చుక్క లేదు.

చివరి దొడ్డికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. నడుముకి చుట్టుకునే చితెంజీ గుడ్డలో సీసా దాచి తీసుకెళ్ళాను. కడుపు కింద ఎప్పటి మంటే. బయటికి వచ్చేసరికి సీసా నిండింది. వెచ్చగా ఉంది. ఎండకి ఎత్తి చూస్తే పలచటి టీ రంగు, అడుగున సన్నటి ఎర్ర పోగు తిరుగుతోంది. చెట్టు కింద పువ్వొకటి రాలి మూత మీద పడింది. ఊదేసి వేజీకి ఇచ్చాను.

"ఎంత మంచిదానివి," అంది ఆమె.

అక్టోబరు 12

ఈ రోజు సంగతి రాయాలి. రాయకపోతే కలేమో అనుకుంటాను.

వేజీ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని విద్యార్థుల గదిలోకి తీసుకుపోయింది. బల్ల మీద మైక్రోస్కోపు.

"ఒక కన్ను మూసుకుని చూడు. ఊపిరి అద్దం మీద పడనీకు."

మొదట నా రెప్పవెంట్రుకలే కనిపించాయి. తర్వాత గుండ్రంగా వెలుగు, పొద్దున్నే మంచు తేలిపోయేప్పటి సరస్సులా. ఆ నీళ్ళలో ఒక పడవ నిలబడి ఉంది. చెక్కి చేసిన చిన్న దోనె, ఒక కొసన ముల్లు. లోపల ఏదో కదులుతోంది. దీపం గాజులో వత్తి రెపరెపలాడుతుందే, అలా.

"గుడ్డు. బతికుంది చూడు, లోపల కొట్టుకుంటోంది," అంది వేజీ. ఆమె గొంతులో సంతోషం. "దీన్ని మంచినీళ్ళలో వేస్తే పగిలి ఈదుకుంటూ బయటికొస్తుంది. నత్తని వెతుక్కుంటుంది. నత్తలో పెరిగి మళ్ళీ నీళ్ళలోకి. అక్కడ ఎవరు కాలు పెడితే వాళ్ళ చర్మంలోంచి లోపలికి. ఏళ్ళ తరబడి అక్కడే కాపురం. గుడ్లు గుచ్చుకుని గుచ్చుకుని లోపలంతా మచ్చ కడుతుంది. ట్వైబుకి దారులు మూసుకుపోయింది అలాగే. కొందరికి ముసలితనానికి ముందే మూత్రాశయంలో కాన్సరు కూడా."

నేను కన్ను తియ్యలేదు. ఎప్పుడూ అడగనిది నా నోట వచ్చింది.

"ఆడవాళ్ళలోనూ ఉంటాయా?"

"ఎందుకుండవు? నీళ్ళు మోసేది, గిన్నెలు తోమేది ఎవరు? గర్భం దాకా పాకుతాయి. పిల్లలు నిలవకపోవడానికి అదీ ఒక కారణం. మందు ఉంది, కాని సిగ్గుపడి చెప్పరు. ఎందుకడిగావు?"

"ఊరికే."

అప్పుడు వేజీ నుదురు ముడిచింది.

"మందు వేసి రెండు వారాలు దాటింది. ఆయనలో ఉంటే చచ్చి నల్లబడ్డవే ఉండాలి. ఇవి బతికున్నాయి. మందు పట్టలేదన్నమాట. పెద్ద డాక్టరుకి చెప్పాలి."

వంటపాక వరకు ఎలా నడిచానో తెలియదు. మూడేళ్ళుగా నా కడుపులో ఏమీ కదల్లేదని మా మేనమామ పదిమందిలో అంటాడు. కదులుతోంది. ఇవాళ నా కళ్ళతో చూశాను.

అక్టోబరు 13

ఎడమ 850. కుడి 300. చెప్పలేదు.

అక్టోబరు 14

పొద్దున ఆయనకి చలి పట్టుకుంది. మంచం గడగడలాడింది. రెండు దుప్పట్లు, నా చితెంజీ గుడ్డ, మాగిరేటా అవ్వ దుప్పటి కూడా కప్పాం. "పడవలోకి నీళ్ళొస్తున్నాయి ఆసీ, తోడు, తోడు" అన్నారు. ఒళ్ళు కాలుతోంది.

మలేరియా చూశారు, లేదు. గుండెకీ ఊపిరితిత్తులకీ స్టెతస్కోపు ఆనించి విన్నారు. పెద్ద డాక్టరు నా పుస్తకం తిప్పాడు, ముందు వైపు. వేలితో గడి వెంట కిందికి దిగాడు.

"కుడిపక్క రోజూ మూడొందలు వస్తోంది. అంటే గొట్టం బాగానే ఉంది. జ్వరం అక్కడిది కాదు. ఊపిరితిత్తుల ఫోటో తియ్యండి."

నా మూడూ, నా రెండు సున్నాలూ. పెద్ద డాక్టరు వాటిని నమ్మి మంచం అటువైపుకి వెళ్ళాడు.

అందరూ వెళ్ళారు. వేజీ ఒక్కతే ఉంది, ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూస్తోంది. చెప్పాలని నోరు తెరిచాను, మాట రాలేదు. పుస్తకం తీసి వెనక వైపు తిప్పి ఆమె చేతిలో పెట్టాను. అక్టోబరు 7 దగ్గర వేలు పెట్టాను.

ఆమె చదివింది. నిలబడి చదివింది, కూర్చుని చదివింది. 11వ తేదీ దగ్గర నా ముఖం చూసింది. మళ్ళీ చదివింది. తర్వాత పుస్తకం నాకిచ్చి పరుగెత్తింది. గదిలో అలా పరుగెత్తకూడదని విద్యార్థులకి చెప్పి ఉంటారు.

అక్టోబరు 16

నిన్న రాయలేదు.

కుడి గొట్టం లోపల మూసుకుపోయిందట. సిరంజితో నీళ్ళు పంపి కడిగి, అది చాలక వేరే గొట్టం వేశారు. మొదట వచ్చింది మూత్రం కాదు. చిక్కగా, పెరుగు విరిగినట్టు, వాసన. పిండం లోపల ఎనిమిది రోజులుగా కూడుకున్నది. పెద్ద డాక్టరు విద్యార్థులకి చూపించాడు. ఒక పూట ఆలస్యమైతే ఇది రక్తంలోకి పోయేది, మనిషి దక్కేవాడు కాదు అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నేల మీది గచ్చు చూస్తూ నిలబడ్డాను.

"అంకె తప్పు రాస్తే మేం తప్పు చోట వెతుకుతాం అమ్మా. సున్నా వస్తే సున్నా రాయి. మాకు అన్నిటికన్నా పనికొచ్చే అంకె అదే."

గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే బాగుండేది.

మాగిరేటా అవ్వ నా నోట్లో బలవంతంగా మొక్కజొన్న పిండి న్సీమా ముద్ద పెట్టింది. "తిను. ఏడుపు ఉప్పగా ఉంటుంది, కూర అక్కర్లేదు," అంది.

అక్టోబరు 17

జ్వరం దిగింది. ఎడమ 900. కుడి 40. నలభైయే రాశాను.

ఆయన కళ్ళు తెరిచి చాలాసేపు కిటికీ చూశారు. ఊదా పూల కొమ్మ గాలికి వచ్చి పోతోంది.

"చెప్పేశావా?"

"చెప్పలేదు. చూపించాను."

"నా కోసం చేసిన పాపం నీ చేతిలో పెట్టాను," అన్నారు. ఇటు తిరిగి, "సీసా సంగతి కూడా వేజీ చెప్పింది. నీకూ ఉందని నాకు ముందే తెలుసు ఆసీ."

నా చేతిలో గిన్నె ఆగిపోయింది.

"నువ్వు తెల్లారకముందే రేవులో గుడ్డలు ఉతికేదానివి. పడవ దించుతూ ఒకసారి చూశాను. నావల్లే నీకంటిందనుకున్నాను. అడిగితే ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదు. మగాడికి వస్తే కోడి కోస్తారు, నీకు వస్తే నేను కళ్ళు తిప్పుకున్నాను."

మూడేళ్ళు ఒకే చాప మీద పడుకున్నాం. ఆయన నాకు తెలియకుండా దాచారు, నేను ఆయనకి తెలియకుండా దాచాను. ఇద్దరం దాచింది ఒకటే.

మందు పెట్టె పట్టుకుని వచ్చిన వేజీ వెనక నిలబడి వింటోంది. "ఆయన నుంచి కాదు చెల్లీ, నీ నుంచి ఆయనకీ కాదు. ఒకరి నుంచి ఒకరికి రాదు. ఇద్దరూ ఒకే నీళ్ళలో దిగారు, అంతే," అంది.

అక్టోబరు 18

గోడకి రంగుల గీతల కర్ర ఒకటి ఆనించి నన్ను దానికి వీపు ఆనించి నిలబడమన్నారు. ఎంత పొడుగుంటే అన్ని బిళ్ళలు. తల మీద చెయ్యి పెట్టి వేజీ, "మూడు. పొట్టిదానివే, కంటికి అలా కనబడవు," అంది. ఆడ డాక్టరు తెర వేసి చూసింది. లోపల ఇసుక రేణువుల్లాంటి మచ్చలున్నాయట. పురుగులు చస్తాయి, మచ్చలు మానతాయో లేదో ఇప్పుడే చెప్పలేను అంది. పిల్లల గురించీ అదే మాట. అబద్ధం చెప్పనందుకు ఆమె నాకు నచ్చింది.

బిళ్ళలు చేదు. తల తిరుగుతుంటే వంటపాక గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. సరస్సు కనిపించింది. చిన్న చిన్న దోనెలు ఒక్కొక్కటే దీపాలార్పుకుంటూ ఒడ్డుకి వస్తున్నాయి. లెక్కపెడుతూ ఉండగానే నిద్ర పట్టింది.

అక్టోబరు 20

కుడి 120. ఫోటోలో ఆ పిండం చిన్నదైపోయింది. ఇంకో నెల చూసి నిర్ణయిస్తామన్నారు. తీసెయ్యాల్సి వస్తే తీసేస్తారు. ఆయన తలూపారు. మేనమామకి నేనే చెప్తాను అన్నాను. ఎలా చెప్తానో తెలియదు. రాసి చూపిస్తానేమో. మేనమామకి చదవడం వచ్చు.

వేజీ పరీక్ష అయిపోయింది. ఏం చెప్పావని అడిగాను, పేరు పెట్టి పిలిచే అడిగాను.

"రోగి ఒకడు కాదు ఇద్దరు అని చెప్పాను. రెండోవాళ్ళ గురించి మేం అడగలేదని చెప్పాను. మార్కులు తగ్గించారో పెంచారో తెలీదు," అంది.

తర్వాత నా పుస్తకం తీసుకుని ముందు వైపు తిప్పింది. స్కేలు పెట్టి కుడి సంచి పక్కన ఇంకో గీత కొట్టింది. కొత్త గడి. పైన ఖాళీ వదిలి పెన్ను నాకిచ్చింది. ఒక సీసా కూడా, మూత మీద పేరు లేనిది. మూడు వారాల తర్వాత మధ్యాహ్నం పట్టి ఇవ్వాలి, బతికున్నవి ఏమైనా ఉన్నాయేమో చూడటానికి.

గడి పైన ఆసియతు అని రాశాను. సీసా మూత మీద కూడా రాశాను. ఈసారి అక్షరాలు వంకర పోలేదు.

నవంబరు 10

ఎండ నడినెత్తిన ఉంది. దగ్గర్లో ఉన్న దొడ్డికే వెళ్ళాను.